కళ్ళజోళ్ళ వీరుని కండూతి మర్దనము

ఆదివారమను సుదినమున, ఉదయము పది గంటల నలుబది నిమిషములకు, ప్రచండమార్తాండుడు బయట నిలిపిన కార్లలోని ప్రతి సీటును పెనమువలె కాల్చుచుండగా, లోపల నాలుగు ఏసీ యంత్రములలో రెండు చల్లగాలిని, ఒకటి ఉత్త చప్పుడును, మిగిలినది చుక్కచుక్కగా నీటిని ప్రసాదించుచుండగా, ఒకానొక మహాప్రదర్శనశాల వెనుక భాగమున, "వేషాలు ఇక్కడ" అని వంకరగా కాగితము అంటించిన ఇరుకు గదిలో, ఒక మహావీరుడు రెండు చేతులును పైకెత్తి నిలిచి యుండెను. శత్రువునకు లొంగిపోయి కాదు, కవచము తొడిగించుకొనుటకు.

ఎవరీ వీరుడు? వృత్తిచేత కళ్ళజోళ్ళవాడు. నువ్వుగింజకన్న చిన్నదైన మరమేకును, ఎదుటివాని ముక్కుమీద ఊపిరియైన తగులనీయక బిగింపగల సూక్ష్మహస్తుడు; నలుబది మూడేండ్ల ప్రాయమువాడు; కొంచెము బొజ్జవాడు; తన కాలు తొక్కినవానికి తానే "పరవాలేదండీ" అని చెప్పి పక్కకు జరుగు సాధుశీలుడు. ఆ మాట అంత తరచుగా వాడుటచే వీధిలో సగము మంది అతని అసలు పేరు మరచి "పరవాలేదుగారు" అనుచుండిరి. దానికిని అతడు పరవాలేదనెను.

అట్టి శాంతమూర్తికి కవచముతో పని యేమి? వినుడు. "యుగఖడ్గం" అను వీడియో గేము కలదు. ఏడు భాగములు. ఒక్కొక్క భాగమున ఒక్కొక్క శతాబ్దము, ఒక్కొక్క వీరుడు, ఒక్కొక్క కవచము. మొదటి భాగపు విలుకత్తె నూనెలో నానిన తోలు తొడుగును ధరించును. రెండవ భాగపు కోటకాపరి వేలకొలది ఇనుప వలయముల అల్లికను మోయును. మూడవ భాగపు నావికుడు చేప పొలుసులవంటి రేకులను తాళ్ళతో గుచ్చి ఒంటికి చుట్టుకొనును. ఇక నాల్గవ భాగమందలి నల్లకోట సేనానియో, ఆపాదమస్తకము ఇనుమే. రెండు కన్నులు తప్ప మనిషియన్న ఆనవాలు బయటికి కానరాదు. ఆ సేనాని ఆ కవచముతోనే అగడ్తలు ఈదును, ఆ కవచముతోనే బురుజులెక్కును, ఆ కవచముతోనే పడుకొని లేచును. ఆట మొత్తము మీద ఒక్క మాట మాట్లాడడు. రోజుకు పది గంటలు జనముతో మాట్లాడి ఇల్లు చేరు కళ్ళజోళ్ళవానికి ముందుగా ఆ మౌనము నచ్చినది. పిమ్మట ఆ కవచము నచ్చినది. తొమ్మిదేండ్లుగా ఆడుచున్నను అతడు గమనింపని విషయ మొక్కటే. ఏడు భాగములలో ఏ వీరుడును, ఏ రణమునను, ఏ విరామమునను, ఒక్కసారి యైనను ఒళ్ళు గోకుకొనినట్లు దాఖలా లేదు.

ఆ సేనాని కవచమును అతడు పదకొండు మాసములు తపస్సువలె చేసెను. ఇనుముతో కాదు సుమా, ఫోము షీట్లతో. కత్తితో కోసి, వేడిగాలి పట్టించి వంచి, జిగురుతో అతికి, నల్లరంగు పూసి, అంచులకు వెండిరంగు అద్ది, నూటనలుబది మూడు ఖండములను ఒక్కటిగా కూర్చెను. ఇనుప మేకుల తలలు కావలసి వచ్చినప్పుడు అతని బుద్ధి మెరసినది. దుకాణమునకు వచ్చిన పాత ఫ్రేముల నుండి, ముక్కుమీద ఆను చిన్న బిళ్ళలను ఊడదీసి, సబ్బునీట కడిగి, ఆరువందల పన్నెండింటిని వెండిరంగుతో మెరయించి ఛాతీమీద వరుసగా అతికించెను. ఎందరెందరి ముక్కులను మోసి అలసిన బిళ్ళలో! అవి నేడొక సేనాని వక్షఃస్థలమున నక్షత్రములవలె వెలుగుచుండెను.

అయితే ఆ కవచమును ఒంటరిగా తొడుగుకొనుట బ్రహ్మతరము కాదు. పదునారు పట్టీలు, అందు తొమ్మిది వీపు వెనుక. తొడుగుటకు నలుబది నిమిషములు, విప్పుటకు ఇరువది. ఈ కార్యమునకు నియమింపబడినది ఆయన భార్య. ఆమె ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. ఆ ఉదయముననే ఇద్దరు తల్లులకు ఒకేసారి నొప్పులు వచ్చెను. డ్యూటీకి రావలసిన మరొక నర్సునకు జ్వరము వచ్చెను. ఇంకేమున్నది! ఆమె ఒక కాలికి చెప్పు తొడుగుచునే, "అమ్మని తీసుకెళ్ళు. అన్నీ కాగితం మీద రాసిచ్చాను. అమ్మకి చెప్పేశాను కూడా," అని పలికి గుమ్మము దాటి మాయమయ్యెను.

అమ్మ యనగా ఆమెకు అమ్మ, మనవానికి అత్తగారు. ముప్పదియొక్క యేండ్లు టెలిఫోను ఎక్స్చేంజిలో కూర్చుండి, తెలియనివారిని తెలియనివారితో కలిపి, మూడు నిమిషములు కాగానే కనికరము లేక విడదీసిన మహారాజ్ఞి. పదవీ విరమణానంతరము, భర్తయు కాలము చేసిన పిమ్మట, రెండేండ్లుగా కూతురింట ఉండెను. ఆ రెండేండ్లలో అత్తకును అల్లునికిని నడుమ నడచిన సంభాషణ మొత్తమును ఒక బస్సు టికెట్టు వెనుక వ్రాయవచ్చును. "భోంచేశారా బాబూ?" "చేశానండీ." "పేపరొచ్చిందా బాబూ?" "వచ్చిందండీ." అంతియే. ద్వేషము కాదు, కోపము కాదు. ఎదుటివారికి ఇబ్బంది కలుగునేమో యను మర్యాద ఇరువురి నడుమ కోటగోడవలె లేచి, ఏటికేడు ఎత్తు పెరుగుచుండెను. దీనికి తోడు ఇల్లు చిన్నది. కవచమును నిలుపుటకు ఆవిడ గది మూల తప్ప వేరు చోటు లేదు. పదకొండు నెలలుగా ఆవిడ కన్ను తెరచిన ప్రతి ఉదయమును ఎదుట ఖడ్గపాణి యొకడు నిలిచి యుండెను. ఆవిడ ఒక్క మాట అనలేదు. అననందుకే మనవానికి బెరుకు.

ఇప్పుడా అత్తగారు, కూతురు వ్రాసిచ్చిన కాగితమును గోడకు అంటించి, పట్టీల కుప్పను స్విచ్‌బోర్డును చూచినట్లు ఒక్కసారి కలయజూచెను.

"బాబూ, మొదట ఎడమ భుజం అని రాసింది."

"అవునండీ."

"ఇది దీని మీదనుంచా, కిందనుంచా?"

"కిందనుంచండీ."

"బిగుతుగా ఉందా?"

నిజమునకు అతని ప్రక్కటెముకలు ఒకదాని నొకటి పలుకరించుచుండెను. అయినను, "పరవాలేదండీ," అనెను.

"ఊపిరాడుతోందా?"

"ఆడినంత ఆడుతోందండీ."

ఆవిడ తృప్తిగా మరొక రంధ్రము బిగించెను. దశాబ్దములు తీగలు గుచ్చిన చేతులు! నలుబది నిమిషముల పని ఇరువది యారు నిమిషములలో ముగిసెను. ఛాతీ తొడుగు, వీపు తొడుగు, భుజపత్రములు, మోకాటి చిప్పలు, చివరకు శిరస్త్రాణము. పిమ్మట ఆవిడ రెండడుగులు వెనుకకు వేసి, అల్లుని కింది నుండి పైకి చూచెను.

"గది మూల నిలబెట్టినప్పుడు ఇంత తెలియలేదు," అనెను. "మనిషి లోపలుంటే బావుంది బాబూ."

పదకొండు మాసములలో ఆ కవచమును గూర్చి ఇంటిలో వెలువడిన తొలి ప్రశంస అది. వీరుడు "థాంక్సండీ" అనెను గాని, శిరస్త్రాణములోపల ఆ మాట గుండ్రముగా తిరిగి తిరిగి, బయటికి "హుంహుం" అని మాత్రము వినబడెను.

అనంతరము వేషాల పోటీ వేదిక. "యుగఖడ్గం" అభిమానులు మూడువందల మంది ప్లాస్టిక్ కుర్చీలలో కిక్కిరిసి యుండిరి. ఎర్ర తివాచీమీద పదునలుగురు కవచధారులు వరుసగా నిలిచిరి. మైకు పుచ్చుకొన్న ఒక అమ్మాయి నియమములు చదివెను. ఒక్కొక్కరును ఆటలోని ఒక భంగిమలో కదలక నిలువవలెను. నలుబది యేండ్లు నాటకములకు దుస్తులు కుట్టిన వేషాల మాస్టారు, భూతద్దముతో ఒక్కొక్కరిని ఐదేసి నిమిషములు పరీక్షించును. కదలినచో ఐదు మార్కులు పోవును. వరుస విడిచినచో పోటీయే పోవును. నీళ్ళిచ్చుటకు మాత్రము వెంట వచ్చినవారు ఒకరు, ఒక్క నిమిషము, వేదిక ఎక్కవచ్చును.

మన వీరుని స్థానము పదునొకండవది. అతడు కత్తి మొనను నేలకు ఆనించి, పిడిమీద రెండు చేతులును మోపి, తల నిక్కించి, నల్లకోట ద్వారమున నిలచిన సేనానివలె నిలిచెను. ఆహా! ఒక్క క్షణము, ఆ శాలలోని ఏసీ చప్పుడు సైతము దూరపు రణభేరివలె వినబడెను. రేపు ఉదయము తొమ్మిదింటికి దుకాణపు షట్టరు ఎత్తవలసిన మానవుడే యితడు? కాదు, కాదు!

మూడవ పోటీదారుని మోకాటి చిప్పను మాస్టారు భూతద్దముతో పరిశీలించుచుండగా, అది పుట్టెను.

వీపున, రెండు రెక్కల ఎముకల నడుమ, పైనుండి ఎడమ చేయి దిగలేనిదియు, క్రిందినుండి కుడిచేయి ఎక్కలేనిదియు, సృష్టికర్త ఏ చేతి అధీనమునను ఉంచక విడిచిన ఆ జానెడు నేలమీద, ఒక చెమటబొట్టు జారి, ఆగి, ఆరి, గింజంత దురదగా మారెను. గింజ గోలీకాయంత యయ్యెను. గోలీకాయ నిమ్మకాయంత యయ్యెను. నిమ్మకాయ అరచేయి వెడల్పున పరచుకొని, వేళ్ళు తన్ని, కొమ్మలు సాచి, వేయి చీమల సేనగా, వాటి వెంబడి పదివేల చీమల సేనగా విస్తరించి, కండూతి యను పేర దిక్కులదరునట్లు విజృంభించెను. దానిని మన ఇండ్లలో దురద యందురు. ఇనుము వంటి కవచమునందు చిక్కినవానికి మాత్రము ఆ చిన్నపేరు చాలదు.

వీరుడు మొదట ఉపేక్షాస్త్రమును ప్రయోగించెను. దురదను తలపక, కళ్ళద్దముల పవర్లను తలచెను. మైనస్ ఒకటి. మైనస్ ఒకటింపావు. మైనస్ ఒకటిన్నర. మైనస్ మూడు చేరునప్పటికి దురద ప్లస్ ఎనిమిదికి చేరెను.

పిమ్మట భుజసంకోచాస్త్రము. ఎవరికిని తెలియకుండ రెండు రెక్కల ఎముకలను దగ్గరకు లాగి వదలెను. ఫోము కీచుమనెను. నలుదిక్కుల ఆ కీచు వినబడెను.

"అంకుల్, కదలకండి. మాస్టారు చూస్తున్నారు," అని వేదిక పక్కనున్న అమ్మాయి గుసగుసలాడెను.

అంకుల్! నల్లకోట సేనానిని, నూరు ముట్టడులను ఒంటరిగా ఎదిరించినవానిని, అంకులనుటయా! అయినను అతడు సహించెను. వీపు కష్టము ముందు బిరుదుల కష్టమెంత?

ప్రక్కనే పదవవాడు, మూడవ భాగపు నావికుని వేషమున ఉన్న ఒక పళ్ళ డాక్టరు. శిరస్త్రాణము లోపలినుండి, పెదవి కదలకుండ అతడు పలుకరించెను.

"ఏమైందండీ?"

"వీపు."

"ఓ. నాకు ముక్కు. పావుగంటైంది."

ఇరువురును మరల మాటలాడలేదు. ఒకే చెరసాలలో వేరువేరు గదులలోని ఖైదీలు గోడ తట్టి పలుకరించుకొనినట్లు, ఆ మూడు మాటలే వారికి ఓదార్పు.

ఏడవ పోటీదారు వచ్చునప్పటికి వీరుని సహనము తెగెను. అతని వెనుక, జానెడు దూరమున, వేదిక కప్పును మోయు ఇనుప స్తంభ మొకటి కలదు. అతడు అర్ధాంగుళము, అర్ధాంగుళము చొప్పున వెనుకకు జరిగెను. హిమపర్వతము కూడ అంత నెమ్మదిగా జరుగదు. తుదకు వీపు తొడుగు స్తంభమునకు తగిలెను. అతడు ఒక్కసారి పైకి, ఒక్కసారి క్రిందికి రాసుకొనెను. అయ్యో! కవచము స్తంభమును రాచెను. స్తంభము కవచమును రాచెను. వీపునకు ఆ వార్త చేరనే లేదు. పదకొండు మాసములు ఏ పగులును లేకుండ అతికిన పనితనమే నేడు వైరియయ్యెను. శత్రువును లోనికి రానీయని కవచము, లోనున్న శత్రువును బయటికిని పోనీయదు గదా! మరల తన చోటికి అర్ధాంగుళముల యాత్ర చేసి చేరునప్పటికి, మాస్టారు తల యెత్తి అతనివైపు చూచి, పుస్తకములో ఏదియో వ్రాసికొనెను. ఐదు మార్కులు నేలకూలెను.

అప్పుడా వీరుడు మనసులో ఇట్లు గర్జించెను: "ఓ కండూతీ! దురాత్మురాలా! అభిముఖముగ వచ్చి పోరలేక వెన్నుపోటు పొడిచిన పిరికిదానా! రమ్ము, ఎదుటికి రమ్ము! ఈ ఖడ్గముతో నిన్ను ముక్కలు చేయనిచో నేను ఎనిమిది వేల జతల కళ్ళజోళ్ళు బిగించినవాడనే కాను!" ఆ ఖడ్గమును ఫోముదే. దురద నవ్వినట్లు తోచెను.

శాలలోని మూడువందల మందియు ఆ సేనానిని శిలావిగ్రహమని తలచి ఫోటోలు తీసికొనుచుండిరి. మూడవ వరుసలో కూర్చున్న అత్తగారు మాత్రము, కత్తి పిడిమీది చిటికెన వేలు వణకుట చూచెను. తీగకు ఆవలి కొసనున్న మనిషి "అంతా బాగానే ఉంది" అనుచున్నను, బాగులేదని ఊపిరినిబట్టి కనిపెట్టుట ముప్పదియొక్క యేండ్లు ఆవిడకు నిత్యకృత్యము. ఆవిడ లేచెను. నీళ్ళ సీసాయు, దానిలో ఒక స్ట్రాయు పుచ్చుకొని, మోకాళ్ళు పట్టుకొనుచు మెట్లెక్కెను.

"ఆంటీ, ఒక్క నిమిషమే," అని అమ్మాయి గడియారము చూపెను.

"ఒక్క నిమిషం ఎంతో నాకు చెప్పక్కర్లేదమ్మా," అని అత్తగారు వీరుని సమీపించెను. "బాబూ, నీళ్ళు తాగండి."

శిరస్త్రాణము అడ్డముగ కొంచెము కదలెను.

"కళ్ళు తిరుగుతున్నాయా?"

"లేదండీ."

"పట్టీ నొక్కుతోందా?"

"లేదండీ."

"మరేంటి బాబూ?"

ఆ క్షణమున అతని హృదయమున మహావాక్యమొకటి సముద్రమువలె పొంగెను: "ఓ మాతృసమానురాలా! నీ కుమార్తె చేయి పట్టిన పదునాలుగేండ్ల నుండి నిన్ను గ్లాసెడు మంచినీళ్ళు అడుగుటకు సైతము సంకోచించిన ఈ అల్లుడు, నీ చేతి కాఫీ కప్పును నీవు బల్లమీద పెట్టిన పిమ్మటనే అందుకొన్న ఈ మర్యాదాపురుషోత్తముడు, నేడు నిండుసభలో, మూడువందల మంది సమక్షమున, ఏ అల్లుడును ఏ అత్తను కోరరాని కోరికను కోరబోవుచున్నాడు, భూదేవీ, చీలుము, లేదా అత్తగారూ, క్షమింపుము!" ఇంత వాక్యమును గొంతునొద్దకు వచ్చి, సిగ్గుచే చిక్కి, చిక్కి, తుదకు బయటపడినది ఒక్కటే మాట.

"దురదండీ."

"ఏంటీ?" ఆవిడ చెవిని శిరస్త్రాణమునకు ఆనించెను.

"దురద. వీపు. మధ్యలో."

అత్తగారు నిటారుగా నిలిచెను. ఆవిడ ముఖమున పదునాలుగేండ్ల మర్యాదయు, అరగంట జాలియు ఒకదానితో నొకటి కలబడెను. ఆ పోరు మూడు సెకనులు సాగెను. మర్యాద ఓడెను.

"ఇంకెంత టైముందమ్మా?"

"నలభై సెకన్లు, ఆంటీ."

ఆవిడ సీసాను క్రింద పెట్టి, వీరుని వెనుకకు నడచి, మెడ పట్టీని వేలితో పైకెత్తి, ఆ సందులో చేయి దూర్చెను. నాలుగు వేళ్ళు పోయెను. అరచేయి పోయెను. మణికట్టు వద్ద కోట ద్వారము మూసికొనెను.

"అందట్లేదు బాబూ."

వీరుని కన్నులు చీకట్లు క్రమ్మెను. చేరువకు వచ్చి నిలచిన సైన్యము నదికి ఆవలనే ఆగిపోయినట్లయ్యెను. అయితే ముప్పదియొక్క యేండ్లలో లైను కలియలేదని ఫోను పెట్టేసిన వంశము కాదు ఆవిడది. ఆవిడ ఒక్క క్షణము ఆలోచించి, తన ముఖముమీది కళ్ళజోడును తీసెను. మందపాటి గోధుమరంగు ఫ్రేము. ఆవిడ కూతురింట అడుగుపెట్టిన మొదటి వారమున అల్లుడే ముచ్చటపడి చేసి యిచ్చినది. ఆవిడ దాని కాడను చాచి, రెండవ కొసను వేళ్ళ నడుమ బిగించి, ఖడ్గమును ఒరలో దించినట్లు మెడ సందున దించెను.

"లైన్లో ఉండండి," అనెను అలవాటుగ.

"కిందికండీ. ఇంకొంచెం. కుడికి... కాదండీ, ఇటు కుడికి."

"ఇక్కడ బాగుందా? ఇందాకటి చోట బాగుందా?"

రోజుకు నలుబది మందిని అతడడుగు ప్రశ్న అది. ఇన్నేండ్లలో అతని నెవ్వరును అడిగి యుండలేదు.

"ఇక్కడండీ! ఇక్కడే!"

అంతట కళ్ళజోటి కాడ కండూతిమీద పడెను. మొదటి వేటుతో ముందు వరుస చీమలు కూలెను. రెండవ వేటుతో కొమ్మలు విరిగెను. మూడవ వేటునకు వేళ్ళు కదలెను. నాల్గవది కుడిపక్కను, ఐదవది ఎడమపక్కను చక్కబెట్టెను. ఆరవ వేటు, ఆహా, ఆ ఆరవ వేటు! పైనుండి క్రిందికి, తొందర లేక, తీరికగా, ఉన్న ఊరును ఊడ్చినట్లు సాగెను. శిరస్త్రాణము లోపల సేనాని కన్నుల వెంట నీరు కారెను. అతని నోట వెడలిన నిట్టూర్పు ముందు వరుసలోని ఒక బిడ్డను నిద్ర లేపెను.

"టైమైపోయింది ఆంటీ."

"అయిపోయిందమ్మా." ఆవిడ కళ్ళజోడును బయటికి లాగి, చేతిరుమాలుతో తుడిచి, పెట్టుకొనెను. మెట్లవైపు నడువబోవుచుండగా, పదవ స్థానము నుండి ఒక దీనస్వరము వినబడెను.

"అమ్మా... మీరేమీ అనుకోకపోతే... నా ముక్కు."

ఆవిడ సీసాలోని స్ట్రాను తీసి, నావికుని కంటి సందులోనుండి దూర్చి, గురి చూచి, రెండుసార్లు రాచెను. పళ్ళ డాక్టరు జీవితమున ఎవరికిని అంత హృదయపూర్వకముగ కృతజ్ఞత చెప్పి యుండడు. ఇది ఆటలోని సన్నివేశమని తలచి వెనుక వరుసలో కొందరు చప్పట్లు కొట్టిరి.

వేషాల మాస్టారు పదునొకండవ స్థానమునకు వచ్చునప్పటికి అచట నిలచినది మనిషి కాదు. శాంతికి పోతపోసిన విగ్రహము. మాస్టారు భూతద్దముతో ఛాతీమీది మేకు తలలను చూచెను. ఇంకను దగ్గరగా చూచెను. గోటితో మెల్లగ తట్టెను. పిమ్మట తన కళ్ళజోడు తీసి, దాని ముక్కు బిళ్ళలను చూచి, మరల ఛాతీని చూచి, బొజ్జ కదలునట్లు నిశ్శబ్దముగ నవ్వెను. ఐదు నిమిషములకు బదులు తొమ్మిది నిమిషములు అచటనే నిలిచెను.

ఫలితములు వెలువడెను. ప్రథమ స్థానము తోలు తొడుగు విలుకత్తెకు. ద్వితీయము వలయముల కాపరికి. తృతీయము ముక్కు ఉపశమించిన నావికునికి. మన వీరునికి నాల్గవది. నాల్గవదానికి బహుమతి లేదు. మాస్టారు స్వయముగ వచ్చి భుజము తట్టెను.

"పనితనం నీదే గొప్పదయ్యా. ఆ ఐదు మార్కులు పోకపోతే రెండోవాడివి. ఆ స్తంభానికి ఎందుకు రాసుకున్నావు, గేదెలాగా?"

"తప్పలేదండీ," అని వీరుడు వినయముగ పలికెను.

మరల ఇరుకు గదిలో, భార్యనుండి ఫోను వచ్చెను. "ఇద్దరూ ఆడపిల్లలే, బాగున్నారు. నీ సంగతేంటి? గెలిచావా?"

"నాలుగు."

"అయ్యో. అమ్మతో ఇబ్బంది పడలేదు కదా?"

అతడు అత్తగారివైపు చూచెను. అత్తగారు చటుక్కున గోడమీది కాగితము వైపు చూచెను. "లేదు, లేదు," అనెను అతడు. "అంతా పరవాలేదు." ఆ నలుబది సెకనుల చరిత్రను ఇంటిలో చెప్పరాదని, ఒక్క మాటయైన లేకుండ, అత్తాఅల్లుళ్ళ నడుమ సంధి కుదిరెను.

ఆవిడ విప్పుట మొదలిడెను. భుజపత్రములు ఊడెను, వీపు తొడుగు ఊడెను, ఛాతీ తొడుగు ఊడెను. గాలి ఒంటికి తగిలి వీరుడు పసిబిడ్డవలె నవ్వెను. నడుము పట్టీ విప్పుటకు ఆవిడ వంగినప్పుడు, అతని కంటికి ఆవిడ ఎడమ చెవి వెనుక ఒకటి కనబడెను. ఎర్రని గాడి. వేలిగోరు లోతున పడిన, పాతబడి గట్టిపడిన గాడి. వృత్తిలో ఆరితేరినవాని కది ఏమిటో చెప్పనక్కరలేదు.

"అత్తయ్యగారూ, చెవి వెనక అదేంటండీ?"

"ఏదీ? ఓ, అదా. ఏం లేదు బాబూ. కళ్ళజోడు కాస్త నొక్కుతుంది."

"ఎప్పట్నించి?"

ఆవిడ పట్టీతో పెనగులాడుచు, వినబడనట్లు నటించెను. అతడు మరల అడిగెను.

"మీరు చేసిచ్చినప్పట్నించీ," అనెను ఆవిడ.

"రెండేళ్ళా! ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"అల్లుడుగారు అంత ముచ్చటపడి చేసిచ్చారు. బాలేదని ఎలా చెప్తాం బాబూ?"

"రోజూ నలభై మంది చెప్తారండీ నాకు! ఆ మాట వినడమే నా ఉద్యోగం!"

"వాళ్ళు బయటివాళ్ళు బాబూ."

 అరగంట దురదకే తాను నూరు యుద్ధముల భాషలో అరచెను. ఈవిడ ఏడువందల దినములు, ప్రతి ఉదయమును ఆ కాడను చెవికి తగిలించుకొని, పేపరు చదివి, "భోంచేశారా బాబూ" అని అడిగెను.

"ఇటివ్వండి," అనెను.

నడుము నుండి క్రిందికి ఇంకను సేనానియే. నడుము నుండి పైకి చెమటతో తడిసిన నల్ల టీషర్టు. ఆ అర్ధవీరుడు కుర్చీమీద కూర్చుండబోయి, మోకాటి చిప్పలు వంగక, నిలిచియే పని కుపక్రమించెను. గదిలో పనిముట్టు లేదు. అప్పుడే ఎవరో తెచ్చి పెట్టిన వేడి టీ గ్లాసు లున్నవి. కళ్ళజోటి ఎడమ కాడ కొసను గ్లాసు అంచునకు ఆనించి, తిప్పితిప్పి, ప్లాస్టిక్కు మెత్తబడునంతవరకు వేచి, బొటనవ్రేలితో, ఊపిరి బిగబట్టి, వెలుపలికి వంచెను. ఎంత? రెండు మిల్లీమీటర్లు. పిమ్మట ఊది చల్లార్చి, తన చేతులతోనే ఆవిడకు పెట్టి, చెవి వెనుక వేలు పోనిచ్చి చూచెను.

"ఇప్పుడెలా ఉందండీ?"

ఆవిడ తలను ఎడమకు తిప్పెను, కుడికి తిప్పెను, క్రిందికి వంచెను, పైకెత్తెను. 

"పెట్టుకున్నట్టే తెలియట్లేదు బాబూ."

"మొహమాటానికి చెప్పట్లేదు కదా?"

"లేదు, నిజంగానే." ఆవిడ తటపటాయించెను. వేళ్ళతో హ్యాండుబ్యాగు పట్టీని నలిపెను.  అనంతరము, పదునాలుగేండ్లలో మొట్టమొదటిసారిగా, అల్లునిపై ఒక ఫిర్యాదు చేసెను.

"కుడివైపు కూడా కొంచెం నొక్కుతోంది."

అతని ముఖము విప్పారినది. ప్రథమ బహుమతి పొందిన విలుకత్తె సైతము ఆ దినమున అంత వెలుగలేదు. "అలా చెప్పండి!" అని కళ్ళజోడు లాగుకొని, రెండవ గ్లాసు దగ్గరకు మోకాళ్ళు వంచకనే పరుగిడెను.

ఇట్లు, సకలభూపాలకులు ఎరుగనిదియు, చరిత్రకారులు వ్రాయనిదియు, ఏడు భాగముల ఆటలో ఏ వీరుడును సాధింపనిదియు నగు ఘనకార్యమును, ఆదివారము మధ్యాహ్నము ఒంటిగంట యిరువది నిమిషములకు, కళ్ళజోళ్ళ సేనాని సాధించెను. ఎడమ చెవి వెనుక రెండు మిల్లీమీటర్లు, కుడి చెవి వెనుక ఒకటి, వెరసి మూడు మిల్లీమీటర్ల సువిశాల సామ్రాజ్యము అత్తగారి వశమయ్యెను. జయభేరి మ్రోగించువారెవ్వరును అచట లేరు. ఏసీ యంత్రము మాత్రము చుక్కచుక్కగా నీరు కార్చెను. టీ చల్లారిపోయెను. "బాలేదు," అనెను అత్తగారు ఒక గుటక మ్రింగి, నిస్సంకోచముగా. "అస్సలు బాలేదండీ," అనెను అల్లుడు.